పాత టార్గెటు అట్టలు

ద్రోణాచార్యులవారు శిష్యులను పరీక్షింపనెంచి శిల్పులచేత ఒక పక్షిబొమ్మను చేయించి చెట్టుకొమ్మపై నుంచిరని భారతమున కలదు. అర్జునునకు పక్షి తల తప్ప వేరేమియు కానరాలేదను మాట మన పిల్లలకు సైతము తెలియును. ఆ బొమ్మను చేసిన శిల్పులు ఎవరో, దానిని ఏ కొయ్యతో చేసిరో, బాణము తగిలి తల తెగిపడిన పిదప మరునాటి అభ్యాసమునకు ఇంకొక బొమ్మ దొరకెనో లేదో ఎవరును అడుగరు. నేను అడుగుదును. తిరువళ్ళూరులోని మా చిన్న పిస్తోలు సంఘమునకు ముప్పదియేండ్లకు పైగా ఆ శిల్పుల పని నాది. అట్టలపెట్టె తాళము నా మొలత్రాటికి వ్రేలాడుచుండును.

మాది పెద్ద సంఘము కాదు. ఒకప్పటి బియ్యపు మిల్లు గోదాములో పది మీటర్లు కొలిచి ఒక గీత గీసి, ఎదుటి గోడకు ఆరు ఇనుప పెట్టెలు అమర్చుకొన్నాము. మందుగుండుతో పనిలేని గాలి పిస్తోళ్ళే మావి. నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్టు. ఒంటిచేత పట్టి కాల్చవలెను. 20 జౌల్‌లకు మించని బలముగల ఇట్టి వానికి మన దేశమున లైసెన్సు అక్కరలేదు గనుక గుమాస్తాలు, ఉపాధ్యాయులు, మగ్గపువారి పిల్లలు, రైల్వేవారు, ఎవరైనను చేరవచ్చును. సభ్యులలో సగముమంది ఇంట తెలుగు మాటలాడువారు, సగముమంది తమిళులు. గురి తప్పినప్పుడు మాత్రము అందరును తమిళముననే తిట్టుకొందురు. ఆయుధపూజనాడు పిస్తోళ్ళకు పసుపు కుంకుమలు పెట్టి, మరునాడు విజయదశమికి వార్షికపు పందెము జరుపుదుము. మనిషికి 40 గుండ్లు, గుండుకు పది చొప్పున మొత్తము 400.

ఈ పందెమునకు కావలసిన ముఖ్యవస్తువు పిస్తోలు కాదు, అట్ట. పిస్తోలు ఒకటి కొన్నచో ఇరువదియేండ్లు నిలుచును. అట్ట ఒక్క గుండుతో తీరిపోవును. ఒక అట్టకు ఒక గుండే కాల్చవలెననుట నియమము; ఒకే చోట రెండు పడినచో రెండవ దాని జాడ తెలియదు గదా. అట్టపై ఒకదానిలో నొకటిగా పది వలయములుండును. ఏడవది మొదలు లోపలిదంతయు నల్లన. పెల్లెట్టు రెండు వలయముల నడిమి గీతను తాకినయెడల పెద్ద అంకెయే ఇయ్యవలెను. తాకెనో లేదో కంటికి తెలియనప్పుడు, సరిగా నాలుగున్నర మిల్లీమీటర్ల గేజిని రంధ్రములో దింపి భూతద్దముతో చూచి తీర్పు చెప్పుదుము. గీతమీది వారిపట్ల ఇంత దయగల నియమము లోకములో మరెక్కడను లేదని నాకు తోచుచుండును. 1960 ఏప్రిలు 1వ తేదీన తిరుత్తణి తాలూకాను చిత్తూరు జిల్లానుండి తీసి మదరాసు రాష్ట్రమున కలిపినప్పుడు గీతమీది ఇండ్లలో గేజి దింపి చూచినవారు లేరు. అది వేరు కథ.

అట్టల విషయమున మా సంఘము చేసిన పని ఒకటి చెప్పవలెను. అంతర్జాతీయ షూటింగు సంఘమువారు 1989లో గాలి పిస్తోలు అట్ట కొలతలను తగ్గించిరి. పదవ వలయము అడ్డుకొలత అంతవరకు 12 మిల్లీమీటర్లు, అప్పటినుండి 11.5. అర మిల్లీమీటరే గదా యని నవ్వరాదు. పెల్లెట్టు నడిబొడ్డు అట్ట మధ్యనుండి ఎనిమిదింబావు మిల్లీమీటర్లలోపల పడినచో పాత అట్టపై పది వచ్చెడిది. కొత్త అట్టపై ఎనిమిదిలోపల పడవలెను. లెక్క వేసినచో పది వచ్చు చోటు నూటికి ఆరు పాళ్ళు తగ్గినది. పెద్ద పోటీలలో రికార్డులన్నియు మొదటినుండి వ్రాసికొనిరి. ఆ యేడే మ్యూనిక్ నగరమున సోవియట్ దేశపు సెర్గేయ్ పిజ్యానొవ్ కొత్త అట్టలపై 600కు 593 కొట్టెను. దాదాపు ఇరువదియేండ్లు ఆ అంకెను ఎవరును దాటలేకపోయిరి.

కొలత మారగానే మదరాసులోని ఒక వ్యాపారి వద్ద పాత అట్టలు గుట్టలుగా మిగిలిపోయెను. అప్పుడు మా సంఘమునకు కార్యదర్శిగా నుండిన తిరుత్తణి పెద్దమనిషి, నేను అన్నా యని పిలిచెడివాడను, 1990లో కాలు ధరకు ఇరువది కట్టలు బేరమాడి లారీ మీద వేయించుకొని వచ్చెను. కట్టకు వేయి అట్టలు. మా పందెము మా ఊరిది, మా అట్ట మాది, ప్రపంచముతో మనకేమి పని యని ఆయన వాదము. అభ్యాసమునకు కొత్త కొలత అట్టలు కొనుచుంటిమి గాని విజయదశమి పందెమునకు మాత్రము ఆ పాత అట్టలే. ఆ యేటనుండి గోదాము గోడమీద నల్లబల్ల యొకటి వ్రేలాడుచున్నది. ఏటేట మొదటివాని పేరు, అంకె దానిమీద తెల్లరంగుతో వ్రాయింతుము. ఒకే కొలత అట్ట గనుక 1990 నాటి అంకెకును 2022 నాటి అంకెకును నేరుగా పోలిక కుదురును. ఆ బల్ల విలువ అంతయు ఆ పోలికలోనే కలదు.

ఆ బల్లమీది అంకెలలో పెద్దది 371. 1994వ సంవత్సరము. ఆ పేరు నాది. ఈ మాట చెప్పుకొనుటకు ఇది తగిన చోటు కాదు గాని, చెప్పక కథ నడువదు.

ఇరువది కట్టలు ఇరువది యుగములకు చాలునని తలచితిమి. ఏటికి ఐదువందలకు పైగా ఖర్చగుచుండెను. 2015 డిసెంబరు వరదలలో గోదాములోనికి మోకాలిలోతు నీరు వచ్చి రెండు కట్టలు ముద్దయైపోయెను. చెదలు తిన్నవి కొన్ని. 2020లో పందెము జరుగనందున ఒక యేడు కలిసివచ్చెను. 2022 విజయదశమి తరువాత పెట్టె తెరచి చూడగా అడుగున ఒకే యొక్క అట్ట మిగిలియుండెను. దానిని నేను కాల్చనీయక నోటుపుస్తకములో దాచితిని.

2023లో ఆ యొక్క అట్టను ఒక అచ్చుకూటమునకు తీసుకొనిపోయి, ఇట్టివి వేయి కావలెనంటిని. కంప్యూటరు మీద కూర్చున్న కుర్రవాడు దానిని యంత్రముపై బోర్లించి బొమ్మ తీసికొనెను. నాలుగు రోజులలో అట్టలు వచ్చెను. చూచుటకు ముచ్చటగా నుండెను. నేను వెల చెల్లించి తెచ్చి పెట్టెలో పెట్టి తాళము వేసితిని. కొలువలేదు. ముప్పదియేండ్లు అట్టలను కాచినవాడు చేయవలసిన మొదటి పని అదియే. దానిని నేను చేయలేదు.

ఆ యేటి పందెమున పొదటూరుపేట నేతవారి అమ్మాయి యొకతె 372 కొట్టినది. తిరువళ్ళూరు కళాశాలలో చదువుచు, సాయంకాలములందు వచ్చి కాల్చిపోవుచుండును. మూడేండ్ల అభ్యాసము. మణికట్టు కదలనీయదు, ఊపిరి నడుమ ఆపుట ఆమెకు ఎవరును నేర్పినది కాదు, మగ్గము వద్ద తెగిన దారమునకు ముడివేయునప్పుడు వచ్చిన అలవాటేమో యని నాకు తోచును. చివరి గుండు పది. గోదామంతయు కేకలు. 29 ఏండ్ల నా అంకె పోయినదని అందరును నా భుజము తట్టిరి. నాకు దుఃఖము లేదని చెప్పినచో అబద్ధమగును. సంతోషము లేదని చెప్పినను అబద్ధమే. వీరరాఘవస్వామి కోవెల వీథిలో అందరికిని మైసూరుపాకు కొని పెట్టితిని.

మరునాడు మిగిలిన అట్టలను సర్దుచు, పాత పందెపు అట్ట యొకటి చేతికి రాగా, ఊరక దానిని కొత్తదానిపై నుంచి వెలుతురునకు పట్టి చూచితిని. గ్రహణము విడుచునప్పటివలె పాత చక్రము చుట్టు కొత్త చక్రపు అంచు కానవచ్చెను. గుండె ఝల్లుమనెను. ఇంటికి పరుగెత్తి వెర్నియరు కాలిపర్సు తెచ్చి కొలిచితిని. 60 మిల్లీమీటర్లు ఉండవలసిన నల్లచక్రము 62 ముప్పాతిక. 12 ఉండవలసిన పదవ వలయము పండ్రెండున్నరకు పైగా. అచ్చుకూటపువారు మోసము చేయలేదు. 170 మిల్లీమీటర్ల అట్టకు బదులు, కాగితము వృథా పోకుండ ఏడంగుళముల చదరముగా కోసి, బొమ్మను అంతకు నిండునట్లు సాగదీసిరి. వారికి అది బొమ్మ. నాకది కొలత యని చెప్పవలసినవాడను నేనే.

మూడు దినములు ఎవరికిని చెప్పలేదు. ఏల చెప్పలేదో కూడ చెప్పెదను. అంకె పోగొట్టుకొన్నవాడే వచ్చి ఆ అంకె చెల్లదనినచో వినువారు ఏమనుకొందురు? ముసలివాడు తన పేరు పోనీయలేక కాలిపర్సు పట్టుకొని బయలుదేరెననరా? ఊరకున్న మాత్రము ఏమి? ఆమె పేరు బల్లమీద ఉండును, నా పేరు క్రిందికి దిగును, అట్ట రహస్యము నాతో పోవును. ఒక విధముగ అది ఔదార్యమువలెను ఉండును. కాని వచ్చే యేటి పందెమునకు మరల అట్టలు వేయింపవలెను. సరియైన కొలతతో వేయించినచో ఆ 372 ఎవరికిని అందని ద్రాక్షయగును. తప్పు కొలతతోనే వేయించినచో బల్లమీది ముప్పదిమంది అంకెలు అబద్ధమగును. నాలుగవ నాడు సభ్యులను పిలిచి అట్టలను బల్లపై నుంచితిని.

అనుకొన్న మాటలే వినవలసివచ్చినవి. ఒక మిత్రుడు నా ఎదుటనే, "ఇన్నేండ్లు కొలవనోడివి, ఇప్పుడే కొలిచినావా?" యనెను. న్యాయమైన ప్రశ్నయే. జవాబు నా వద్ద లేదు.

ఒకరు ఉపాయము చెప్పిరి. పారదర్శకపు షీటుపై పాత కొలత వలయములను గీసి, ఆమె కాల్చిన 40 అట్టలపై నుంచి మరల లెక్కింపవచ్చును గదా యని. అట్లే చేసితిమి. రెండు పదులు తొమ్మిదులైనవి, మొత్తము 370. అయినను అది కూడ సరియైన లెక్క కాదని నేనే అడ్డుపడితిని. పిస్తోలు కాల్చువారు నల్లచక్రము నడుమకు గురి చూడరు; దాని క్రింది అంచుకు దిగువగా కొంత తెల్లచోటు విడిచి గురి చూతురు. చక్రము పెద్దదైనచో ఆ అంచు క్రిందికి జరుగును, దృష్టియంతయు మారును. ఆ అట్టకు అలవాటుపడి కాల్చిన గుండ్లను వేరొక అట్టతో కొలుచుట, ఒకరి కొలతకు కుట్టిన రవికను మరియొకరికి తొడిగి వదులని చెప్పుట వంటిది. ఆమెకు 372 ఈయలేము; 370 అని అనుటకును మనకు హక్కు లేదు.

ఆ అమ్మాయి అంతవరకు మాటలాడలేదు. "తాతా, ఆ పాత అట్టలు నలభై యాడైనా దొరికితే మళ్ళీ కాలుస్తా. దొరక్కపోతే నా పేరు రాయొద్దు" అని తన పిస్తోలుపెట్టె తీసికొని వెళ్ళిపోయెను. ఆమెకు ఏడుపు వచ్చుచుండెనని అందరికిని తెలిసెను.

అది మొదలు నాకు అట్టల వేట. చెన్నపట్టణమున క్రీడాసామగ్రి అమ్మువారిని ఒక్కరిని విడువలేదు. 12 మిల్లీమీటర్ల అట్ట యనగా వారు నన్ను పాత నాణెములు అడుగువానిని చూచినట్లు చూచిరి. విదేశపు వ్యాపారులకు వ్రాసితిని. 1989 తరువాత ఎవరు వేయుదురని మర్యాదగా జవాబు వచ్చెను. ఈ సందర్భమున ఒక వింత తెలిసినది. ఏథెన్సులో 1896 నాటి మొదటి ఒలింపిక్సునుండి, నడుమ కొన్ని తడవలు తప్ప, నడచుచు వచ్చిన ఫ్రీ పిస్తోలు పోటీని 2016 రియో తరువాత తీసివేసిరి. 50 మీటర్ల ఆ పోటీ పోయినను దాని అట్ట పోలేదు. 25 మీటర్ల పోటీకి కూడ అదే అట్ట గనుక నేటికిని అచ్చగుచున్నది. అక్కడ పందెము పోయి అట్ట మిగిలినది. మాకు పందెము మిగిలి అట్ట పోయినది.

సరియైన కొలతతో మరల వేయింపరాదా యని మీరడుగుదురు. వేయించితిని. కొలత కుదిరెను, అట్ట కుదరలేదు. జార్జిటౌనులో ఆండర్సన్ వీథి కాగితములకును శుభలేఖలకును పేరుపడిన చోటు. అక్కడ ఒక రోజంతయు తిరిగి ఏడు రకముల అట్టలు కొని, ఒక్కొక్కదానిపై పెల్లెట్టు కాల్చి చూచితిని. శుభలేఖల అట్ట నునుపు ఎక్కువ. దీపపు వెలుతురు దానిపై పడి కండ్లు చెదరును. మందు డబ్బాలకు వాడు అట్ట నక్షత్రమువలె చీలిపోవును. బూడిదరంగు అట్ట వెనుకప్రక్క పొరలుగా లేచును. పీచు పొడుగుగా నున్న కాగితము చినుగును. మెత్తని గుజ్జుతో పొదిగిన అట్ట మాత్రమే కొలిమిలో కోసినట్లు గుండ్రముగా తెగును. రంధ్రపు అంచు శుభ్రముగా లేనిచో గేజి దింపి ప్రయోజనము లేదు. గీతను తాకినది పెల్లెట్టా, చినుగా యని చెప్పలేము. పాత అట్టల గుణము ఆ వలయములలో లేదు, ఆ గుజ్జులో ఉన్నదని నాకు ఆ నాడు తెలిసెను. అన్నట్లు, ఆ వీథిలో తెలుగు శుభలేఖ అచ్చువేయుదురా యని ఊరక అడిగితిని. బొమ్మగా తెచ్చినచో వేయుదుమనిరి. వావిళ్ళవారి పుస్తకములు వెలువడిన పట్టణమది.

చివరకు తిరుత్తణి జ్ఞప్తికి వచ్చెను. మా అన్న, ఆ ఇరువది కట్టలు తెచ్చినవాడు, 2009లో కాలము చేసెను. బ్రదికియుండగా ఇంటి నడవలో అభ్యాసము చేసికొనుటకని ఒకటి రెండు దొంతరలు తీసికొనిపోయెడివాడు. వదినెగారు ఇప్పటికిని కొండ దిగువ వీథిలోని ఆ ఇంటనే యున్నారు. కనకమ్మసత్రము మీదుగా పోవు బస్సెక్కి ఒక మంగళవారమునాడు వెళ్ళితిని. మంగళవారము సుబ్రహ్మణ్యస్వామి దర్శనమునకు రద్దీయని తెలిసియు వెళ్ళుట నా తెలివితక్కువ, నిలుచుండియే ప్రయాణము.

వదినెగారికి ఎనుబది దాటినవి. కన్ను మసక, మాట ఖణీలు. "అట్టలా? ఉండాయప్పా. పాప చదువుకుంటా ఉండాది" యనిరి. నాకు అర్థము కాలేదు. లోపలినుండి ఆరేండ్ల మునిమనుమరాలు ఒక బిస్కత్తు డబ్బా తెచ్చి నా ముందు బోర్లించినది. అవియే. 12 మిల్లీమీటర్ల అట్టలు. ముందు ప్రక్క వలయములు. వెనుక తెల్లని ప్రక్కన, అట్టకొకటి చొప్పున, వదినెగారి చేతివ్రాతతో లావుగా అక్షరములు. అ, ఆ, ఇ, ఈ.

సంగతి ఇది. పాప బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుచున్నది. 2006 నాటి చట్టము వచ్చిన పిమ్మట ఈ ప్రాంతపు బళ్ళలో తమిళము అందరికిని తప్పనిసరి. తెలుగు కోరినవారికి దొరికిన చోట దొరుకును. ఇంటిలో అందరును తెలుగే మాటలాడుదురు, చదువగలది వదినెగారొక్కతెయే. పెద్దబాలశిక్ష అక్షరములు ఆమె కంటికి ఆనవు. అందుచేత అటకమీద పడియున్న అట్టలను దింపి, మసక కండ్లకును కనబడునట్లు పెద్దగా వ్రాసి, రోజుకొక అక్షరము చెప్పుచున్నది. మొత్తము ఏబదియారు. పాపకు అచ్చులు పదునారు వచ్చును. హల్లులలో క మొదలు మ వరకు వచ్చును. య వద్ద ఆగినది.

నేను మనసులో లెక్క వేసికొంటిని. పదునారును ఇరువదియైదును నలుబదియొకటి.

అడుగుటకు నోరు రాలేదు. అక్షరము వ్రాసిన కాగితము కాలికి తగిలినచో కండ్లకద్దుకొను వారము మనము. దానిని గోడకు తగిలించి తుపాకితో కాల్చెదననుట ఎట్లు? కాఫీ త్రాగి, ఊరి సంగతులు మాటలాడి, లేవబోయి మరల కూర్చుంటిని. తుదకు ఉన్నదున్నట్లు చెప్పితిని. అమ్మాయి సంగతి, నా కాలిపర్సు సంగతి, మూడు దినములు దాచిన సంగతి కూడ. వదినెగారు విని, "పలకమీద రాసి తుడిచేస్తాం గదప్పా, అది పాపమా? వచ్చినకాడికి తీసుకోని పో. రానివి మాత్రం ముట్టొద్దు" అనిరి. పాప మాత్రము అంగీకరింపలేదు. చాలసేపు బ్రతిమాలిన పిమ్మట ఒక నియమముతో ఒప్పుకొన్నది. అ ఈయదు. మిగిలినవి తిరిగి ఈయవలెను. అ పోగా సరిగా నలుబది.

సంక్రాంతి తరువాతి ఆదివారమునాడు గోదాములో ఆ యొక్క అమ్మాయికే పందెము పెట్టితిమి. పిస్తోలు సవరించుకొను గుండ్లకు కొత్త అట్టలు. పందెమునకు ఈ నలుబది. వరుస తప్పకుండుటకు వెనుకనున్న అక్షరములనే గుర్తుగా పెట్టుకొని, ఆ మొదలు మ వరకు లెక్కకాగితము వ్రాసికొంటిమి. నన్ను సందేహించిన మిత్రుడే గేజి పట్టెను; అది నేనే కోరితిని. ముప్పదియైదేండ్ల అట్టలు పొడిబారి పగులునేమోనని భయపడితిని గాని, తిరుత్తణి ఇంటి అటక పొడిగాలికి బాగుగనే నిలిచినవి. ప్రతి గుండును గుండ్రముగా కోసికొనిపోయెను. ఆ చప్పుడు నాకు తెలిసినది. కొత్త అట్టలు ఆ చప్పుడు చేయవు.

మొదటి పది గుండ్లకు 94. రెండవ పదికి 93. మూడవ పది మొదలగునప్పటికి గోదాములో ఊపిరి వినబడలేదు. అప్పుడు ఒక ఏడు పడినది. తరువాత ఆమె పిస్తోలు దించి, గుడ్డతో అరచేయి తుడుచుకొని, రెండు నిమిషములు గోడవైపు చూచుచు నిలుచున్నది. మరల ఎత్తి, ఏమియు జరుగనట్లు కాల్చెను. మొత్తము 369.

ఎవరును చప్పట్లు కొట్టలేదు. నా 371 నిలిచినది. అది నిలిచినందుకు నా ముఖము ఎట్లు పెట్టుకొనవలెనో నాకు తెలియలేదు. ఆమెయే నా వద్దకు వచ్చి, "తాతా, ఇంక ఈ అట్టలు లేవు గదా. అంటే మీ 371ని ఇంకెవరూ కొట్టలేరు" అనెను. మెచ్చుకోలుగా అనలేదు, నిష్ఠురముగాను అనలేదు. లెక్క చెప్పినట్లు చెప్పెను. ఆ మాట నాకు ఆ రాత్రి నిదురపట్టనీయలేదు. ఎవరును దాటుటకు వీలులేని అంకె గెలుపు అంకె కాదు. అది ఇంటికి తాళమువేసి తాళపుచెవి బావిలో వేసినట్టిది.

తరువాతి సమావేశమున, బల్లమీద 2022వ సంవత్సరపు పేరు క్రింద ఒక అడ్డగీత గీయించి, "12 మి.మీ. అట్ట, 1990–2022" అని వ్రాయింపవలెనని నేనే ప్రతిపాదించితిని. 2023 పంక్తిని ఖాళీగా విడిచితిమి. ఇకమీద మాకును లోకమునకును ఒకే కొలత, 11.5. మొదటి కట్ట వచ్చిన నాడు వేయింటిలో ఒక అట్టను గాక, పై నుండి, నడుమనుండి, అడుగునుండి తీసి ముప్పది అట్టలను కొలిచితిని. నా వెనుక నిలుచుండి ఆ అమ్మాయి కూడ కొలిచినది. ఇప్పుడు పెట్టె తాళపుచెవులు రెండు. రెండవది ఆమె వద్ద నున్నది.

లెక్కకాగితము చూచుచు ఆమె ఒకటి అడిగినది. పొదటూరుపేటలో ఇంట తెలుగు మాటలాడు పిల్లయే గాని అక్షరములు రావు. "ఆ ఏడు పడింది దేనిమీద తాతా?" ణ మీద నంటిని. "అదెట్ల రాస్తారు?" వ్రాసి చూపితిని. "మన తిరుత్తణిలో వస్తుందే, అదా?" యని ఆ కాగితమును తీసికొని మడిచి పెట్టెలో పెట్టుకొన్నది.

మాట యిచ్చినట్లు నలుబది అట్టలను తిరుత్తణికి తీసికొనిపోయితిని, ఈసారి బుధవారమునాడు. పాప వానిని నేలమీద వరుసగా పరచి లెక్కపెట్టుకొన్నది. తన డబ్బాలోనుండి అ తెచ్చి మొదట పెట్టినది. తరువాత ఒక్కొక్కటి ఎత్తి రంధ్రములోనుండి నన్ను చూచుట మొదలుపెట్టినది. ఆ నుండి మ వరకు చూచినది. మరల అ తీసి కంటికి పెట్టుకొని, ఏమియు కానరాక, కోపముతో నా వైపు తిరిగి, "దీనికెందుకు బొక్క పెట్టలేదు?" అనెను.

"నువ్వే గదే ఇయ్యకపోతివి" అనిరి వదినెగారు, కాఫీ కలుపుచు.